పరుగు అలవాటున్న గర్భిణికి మెల్లని యోగా క్లాసు: ఏం దొరుకుతుంది, ఏం దొరకదు

ప్రినేటల్ యోగా పేరుతో నడిచే గంట క్లాసులు చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి. మొదట కాసేపు కూర్చుని శ్వాస, ఆపైన చేతులు, మోకాళ్ల మీద ఉండి వీపును పైకీ కిందికీ వంచే మార్జాలాసనం, నిలబడి చేసే రెండు మూడు ఆసనాలు, అరికాళ్లు కలిపి కూర్చునే బద్ధకోణాసనం, చివర్లో పక్కకు తిరిగి పడుకుని పది పదిహేను నిమిషాల విశ్రాంతి. పరుగెత్తే అలవాటున్న గర్భిణికి ఈ క్లాసు సగం అవసరమే తీరుస్తుంది. అది ఏ సగమో తెలుసుకుని చేరితే మాత్రం చేరదగ్గదే.

అందులో అన్నిటికన్నా విలువైనది ఆ మొదటి శ్వాస భాగం. చాలామంది దాన్నే తోసేసి ఆసనాల కోసం ఎదురు చూస్తారు. ఏళ్ల తరబడి పరుగెత్తినవాళ్లలో చాలామందికి పొట్ట బిగించి ఉంచడం అలవాటు, దాంతోపాటు కటి అడుగున ఉండే పెల్విక్ ఫ్లోర్ కండరాలూ బిగుసుకునే ఉంటాయి. కాన్పుకు వాటిని వదులు చేయడం రావాలి. అరచేతులు పక్కటెముకల మీద పెట్టి, గాలి పీల్చేటప్పుడు పక్కలకు విచ్చుకోనిచ్చి, కింది కండరాలను వదిలేయాలి. గాలి వదిలేటప్పుడు వాటిని నెమ్మదిగా పైకి తీసుకోవాలి. కూర్చుని చేస్తే వదులు కావడం తెలియకపోతే చేతులు, మోకాళ్ల మీద ఉండి చేస్తే తేలిక. టీచరు ‘బిగించండి, ఇంకా బిగించండి’ అని మాత్రమే చెబుతుంటే ఆ క్లాసు పరుగువాళ్లకు అచ్చిరాదు. గర్భిణులతో ఊపిరి బిగబట్టే కుంభకం, వేగంగా ఊపిరి ఆడించే కపాలభాతి, భస్త్రిక చేయిస్తుంటే ఇంకో క్లాసు వెతుక్కోవాలి. వేడి గదిలో చేయించే యోగా సంగతీ అంతే.

సాగదీత దగ్గరే తేడాలొస్తాయి. గర్భంలో హార్మోన్ల వల్ల కీళ్లను పట్టి ఉంచే స్నాయువులు వదులవుతాయి. పరుగు వల్ల తొడ వెనుక కండరాలు మాత్రం బిగుసుకునే ఉంటాయి. కండరం సాగనంటే ఆ లాగుడంతా కీలు మీద పడుతుంది. పైగా మంట పుట్టేదాకా ఆగకపోవడం పరుగువాళ్ల గుణం. లాగుతున్నట్టు మొదటిసారి తెలిసిన చోటే ఆగాలి, మోకాలు కొద్దిగా వంచి 20 నుంచి 30 సెకన్లు ఉంటే చాలు. ముందుకు పూర్తిగా వంగే బదులు కుర్చీ వీపు పట్టుకుని, పాదాలు తుంటి వెడల్పున పెట్టి, వీపు చదునుగా వచ్చేవరకే వంగితే పొట్టకూ చోటుంటుంది. ఒక కాలు ముందు మడిచి, రెండోది వెనక్కి చాచే పావురం భంగిమ (ఏకపాద రాజకపోతాసనం) వద్దు. నడుం కింద వెన్ను కటితో కలిసే కీలు మీద అది భారం వేస్తుంది. కుర్చీలో కూర్చుని, ఒక చీలమండను రెండో మోకాలి మీద పెట్టి కొద్దిగా ముందుకు వంగితే పిరుదుకు అదే పని జరుగుతుంది.

తుంటి ముందు భాగానికి ఆంజనేయాసనం మంచిది, అంటే ఒక పాదం ముందుకు పెట్టి, వెనక మోకాలు నేలకు ఆనించడం. మోకాలి కింద మడత పెట్టిన దుప్పటి, చేతులకు రెండు పక్కలా బ్లాకులు (ఇటుకల్లాంటి దన్నులు). ఎక్కువమంది ముందుకు దిగబడిపోతారు, దాంతో నడుం వంపు పెరుగుతుంది తప్ప తుంటికి ఏమీ అందదు. దిగకుండానే తోక ఎముకను కిందికి తిప్పితే చాలు, లాగుడు వెంటనే తెలుస్తుంది. మెట్లెక్కేటప్పుడో, మంచం మీద పక్కకు తిరిగేటప్పుడో పొత్తికడుపు కింది ఎముక దగ్గర నొప్పి ఉంటే ఈ ఆసనాన్ని, ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనాన్ని, కాళ్లు బాగా ఎడం చేసే వీరభద్రాసనాన్ని పక్కన పెట్టాలి.

20 వారాలు దాటాక వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టకూడదు. గర్భాశయం బరువు పెద్ద సిర మీద పడి తల తిరగొచ్చు, వికారం రావచ్చు. రెండు బ్లాకుల మీద బోల్‌స్టర్ (పొడవాటి గట్టి దిండు) ఏటవాలుగా ఆనించి, అడగకముందే ఏర్పాటు చేసే టీచరు పని తెలిసిన మనిషి. లేచేటప్పుడు పక్కకు దొర్లి చేత్తో నెట్టుకుని లేవాలి. తిన్నగా లేస్తే పొట్ట మధ్య గీత కోసుగా పైకి ఉబకడం కనిపించవచ్చు. చేతులు, కాలివేళ్ల మీద ఒంటిని పలకలా నిలిపే ప్లాంక్‌లో అలా కనిపించినా అక్కడే ఆపాలి.

ఇక క్లాసు ఇవ్వనిది బలం. పిక్కలకు, పిరుదులకు ఇందులో దాదాపు ఏమీ ఉండదు, ప్రసవం తర్వాత పరుగుకు తిరిగి వెళ్లేటప్పుడు కావాల్సింది అదే. గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, పక్కకు పడుకుని పై కాలు ఎత్తడం, కుర్చీ మీది నుంచి లేచి కూర్చోవడం ఒక్కొక్కటి 12 చొప్పున రెండు విడతలు విడిగా చేసుకోవాలి. గుండెకు సరిపడా శ్రమ కూడా ఈ క్లాసులో ఉండదు. గర్భిణులకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్కలో ఎక్కువ భాగం నడకతోనో, డాక్టరు సరేనంటే మెల్లని పరుగుతోనో నింపుకోవాలి. ఆయాసపడకుండా పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగం చాలు. పరుగుకు ముందు లోతైన సాగదీత వద్దు, యోగాను పరుగు తర్వాతో, పరుగు లేని రోజునో పెట్టుకోవచ్చు.

సామాను గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. రెండు బ్లాకులు, కాలు సాగదీయడానికి ఒక స్ట్రాప్ (పట్టీ), జారని మ్యాట్ ఉంటే సరిపోతుంది. బోల్‌స్టర్ బదులు రెండు గట్టి దిండ్లు దుప్పట్లో చుట్టినా పని జరుగుతుంది. మెత్తటి దిండు మాత్రం వద్దు, పది నిమిషాలకే అణిగిపోయి నడుం పట్టేస్తుంది.

మాయ కిందికి ఉందనో, గర్భాశయ ముఖద్వారానికి కుట్టు వేశామనో, బీపీ ఎక్కువనో డాక్టరు చెప్పి ఉంటే వారి అనుమతి లేకుండా చేరకూడదు. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, క్రమంగా వచ్చే నొప్పులు, ఛాతీ నొప్పి, తగ్గని తలనొప్పి ఏది కనిపించినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. పరుగువాళ్లు తేలిగ్గా తీసుకునేది ఇంకొకటుంది: ఒక పిక్కలోనే నొప్పి, వాపు. కండరం పట్టేసిందిలే అని స్ట్రాప్ తీసి సాగదీస్తారు. గర్భంలో సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలుకన్నా ఎక్కువ కాబట్టి ఆ కాలిని రుద్దకుండా, సాగదీయకుండా అదే రోజు డాక్టరుకు చూపించాలి.