పళ్లెమంత పెచ్చు ఊడాక: కట్టెల స్టవ్ చుట్టూ సున్నంతో మూడు చలికాలాలు

గదిని వెచ్చబెట్టే కట్టెల స్టవ్ కొనేముందు దాని మోడళ్ల గురించి ఆరు నెలలు చదివాను. చుట్టూ గోడకు ఏం పూయాలో మాత్రం ఆరు నిమిషాలు కూడా ఆలోచించలేదు. దెబ్బ తగిలింది అక్కడే.

మాది ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో 1890ల నాటి ఎర్ర ఇటుక టెర్రస్ ఇల్లు, అంటే గోడకి గోడ ఆనించి వరుసగా కట్టినవాటిలో ఒకటి. ముందు గదిలో ఎవరో ఎప్పుడో మూసేసిన పాత ఫైర్‌ప్లేస్‌ని తెరిపించి 5 కిలోవాట్ల స్టవ్ పెట్టించాం. ఫిట్టర్ చిమ్నీలోకి పొగ పోయే స్టీలు గొట్టం (లైనర్) దించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం బిగించి, సర్టిఫికెట్ ఇచ్చి వెళ్లాడు. అతని పనికి వంక పెట్టలేను. గోడ సంగతి మీరే చూసుకోండి అన్నాడు. ఒక ప్లాస్టరర్‌ని పిలిస్తే, ఇక్కడ అందరిళ్లలో వేసే గులాబీ రంగు జిప్సం ఫినిష్ వేసి మధ్యాహ్నానికల్లా సామాను సర్దేసుకున్నాడు. గోడ అద్దంలా వచ్చింది. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాను కూడా.

నవంబర్ అంతా బానే గడిచింది. డిసెంబర్‌లో ఎడమ మూల నుంచి ఏటవాలుగా వెంట్రుకంత పగులు పాకింది. పెయింట్‌దేలే అనుకున్నాను. వేలితో తడితే మాత్రం డొల్లగా మోగింది. క్రిస్మస్ వారంలో స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు, గొప్పకి పోయి ఓ కట్టె ఎక్కువే వేశాను. రాత్రి పదింటికి టప్‌మని చప్పుడు. లింటెల్ పైనుంచి పళ్లెమంత పెచ్చు ఊడి స్టవ్ ముందు రాతిపలక మీద పడి ముక్కలైంది. దుమ్మంతా జంతికల గిన్నెలోకి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, కానీ ఆ రాత్రంతా టెన్షనే. ముక్క చేతిలోకి తీసుకుని నలిపితే అంచులు పిండిలా రాలాయి.

కారణం తర్వాత తెలిసింది. జిప్సం ప్లాస్టర్ గట్టిగా ఉండేది దాని లోపల బిగుసుకున్న నీటి వల్ల. బరువులో ఐదోవంతు నీళ్లే. రోజూ గంటల తరబడి 50 డిగ్రీలు దాటిన వేడి తగిలితే ఆ నీళ్లు మెల్లగా వెళ్లిపోతాయి. అసలు బస్తాలో పొడి తయారయ్యేదే జిప్సం రాయిని కాల్చి. అంటే నా స్టవ్ నా గోడని మళ్లీ బస్తాలోకి పంపిస్తోందన్నమాట! ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెడితే లింటెల్ పైన 70 చూపించింది.

ఏప్రిల్‌లో మొత్తం చెక్కేసి ఇటుక దాకా వెళ్లాను. ఈసారి నీళ్లు తగిలితే బిగుసుకునే హైడ్రాలిక్ సున్నం, బస్తా మీద ఎన్‌హెచ్ఎల్ (నేచురల్ హైడ్రాలిక్ లైమ్) 3.5 అని ఉండే రకం, ఒక పాలుకి మూడు పాళ్లు గరుకు ఇసుక. మన పాత మిద్దెల గానుగ సున్నానికి దూరపు చుట్టం. ఇది కొంత నీళ్లతో బిగుసుకుని, కొంత గాలి పీల్చుకుంటూ మళ్లీ సున్నపురాయి అవుతుంది. ఆ రాయిని తిరిగి కాల్చాలంటే 800 డిగ్రీల బట్టీ కావాలి. నా స్టవ్ వల్ల అయ్యే పని కాదు. మూలలకి ఇనప బీడింగ్ పెట్టలేదు. వేడికి అది సాగి ప్లాస్టర్‌ని పగలగొడుతుందని విని, తాపీతోనే అంచుని కాస్త గుండ్రంగా తిప్పాను. వీడియో కాల్‌లో చూసి అమ్మ, “ఏరా, అంత చదువు చదివి పొయ్యి అలుకుతున్నావా? పేడ కలిపావా?” అంది.

మూడు చలికాలాలైంది. ఒక్క పెచ్చు ఊడలేదు. ఎక్కడ తట్టినా రాయిలా నిండుగా మోగుతుంది. ఇంటికొచ్చినవాళ్ల ముందు ఇప్పటికీ తట్టి చూపిస్తుంటాను, మా ఆవిడ నవ్వుతున్నా సరే.

అయితే ఒక్క పెచ్చూ ఊడలేదంటే ఏమీ కాలేదని కాదు. రెండో ఏడాది కుడి మూలలో సన్నటి గీత వచ్చింది. మొదటి నిప్పు తొందరపడి వేయడం వల్లే అని నా అనుమానం. మూడు పూతలు, పూతకి పూతకి వారం, తర్వాత నెల రోజులు ఊరుకుని, ఆపైన చిన్న పుల్లలతో మొదలుపెట్టాలి. నేను మూడు వారాలకే ఆగలేక వెలిగించాను. పాత చిమ్నీ మసి ఒకచోట గోధుమరంగు మరకగా పైకి తేలింది. సున్నపు రంగు రెండుసార్లు వేసినా మళ్లీ కనిపిస్తోంది. నున్నదనంలో జిప్సం దగ్గరికి ఇది రాదు. పక్క నుంచి దీపం వెలుతురు పడితే నా తాపీ గీతలన్నీ లెక్కపెట్టొచ్చు.

మాకు గ్యాస్ హీటింగ్ ఎలాగూ ఉంది, అందుకే స్టవ్ వెలిగించకుండా అన్ని వారాలు గడిచాయి. సెలవులూ దొరికాయి. స్టవ్ ఒక్కటే దిక్కైన ఇల్లయితే, లేదా చలికాలం నడిమధ్యలో పని పడితే, సున్నమే వేయమని గట్టిగా చెప్పలేను. 5 డిగ్రీల కంటే చల్లగా ఉంటే సున్నం సరిగా పట్టదు. అలాంటప్పుడు వేడికి తట్టుకునే బోర్డులూ, వాటికి సరిపడే ప్లాస్టరూ నయమేమో. నేను వాడలేదు. స్టవ్‌కి మీటరు దూరంలో ఉన్న గోడకి మాత్రం ఆ గులాబీ ప్లాస్టరే వేయించాను, అది ఇప్పటికీ అద్దంలానే ఉంది.

కుడి మూల గీతని అక్టోబర్‌లో పూడ్చాలి. మిగిలిన అర బస్తా సున్నం షెడ్‌లో తడి తగిలి రాయైపోయింది. మళ్లీ కొనాలి.