స్విచింగ్ సప్లై డిజైన్‌కి ఏది మేలు: వెబెంచా, ఎల్‌టీస్పైసా, సింప్లిసా?

హైదరాబాద్‌లో చర్లపల్లి, బాలానగర్ వైపు చిన్న పవర్ సప్లై యూనిట్లలో పనిచేసేవాళ్ళూ, ఫైనలియర్ ప్రాజెక్టు పెట్టుకున్న పిల్లలూ పదేపదే అడిగేది ఇదే. మూడూ సర్క్యూట్‌ని బోర్డు మీద కట్టకముందే కంప్యూటర్లో లెక్కవేసి, నడిపి చూసే టూల్స్. దీనికి ముందు ఇంకో ప్రశ్న తేలాలి: మీరు బోర్డు మీద పెట్టబోయే పార్టు ఎక్కడిది? కోఠి గుజరాతీ గల్లీలో దొరికిన కెపాసిటర్, వైండింగ్ షాపులో చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ అయితే, వాటి అసలు గుణం మోడల్‌లోకి ఎక్కించనిచ్చే టూలే మీకు పనికొస్తుంది. మిగతా తేడాలన్నీ దీని తర్వాతే.

వెబెంచ్ (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, అంటే టీఐ వాళ్ళ వెబ్ టూల్) సంగతి తొందరగా తేలిపోతుంది. 24 వోల్టులు లోపలికి, 5 వోల్టులు 3 ఆంపియర్లు బయటికి అని ఇస్తే నిమిషంలో చిప్పు, ఇండక్టర్, కెపాసిటర్లు, ఎఫిషియెన్సీ, బోడే ప్లాట్ (ఫ్రీక్వెన్సీతో పాటు ఫీడ్‌బ్యాక్ గెయిన్, ఫేజ్ ఎలా మారతాయో చూపే గ్రాఫ్) చేతిలో పెడుతుంది. చిప్పు మాత్రం టీఐదే. మొదలుపెట్టడానికి ఇంతకంటే సుఖం లేదు. చిక్కు షాపులో వస్తుంది. అది ఎంచిన పార్టు నంబరు ఉండదు, ‘సేమ్ వాల్యూ సార్’ అని ఇంకోటి చేతికిస్తారు. ఆ కొత్త పార్టు వివరాలు మీరే మళ్ళీ ఎక్కించకపోతే ఆ బోడే ప్లాట్ వేరే ఎవరి బోర్డుదో అయిపోతుంది.

ఆ సేమ్ వాల్యూ ఎంత తేడా తెస్తుందో పైన చెప్పిన, 24 వోల్టుల్ని 5కి దించే బక్ కన్వర్టర్‌లోనే చూడండి. 500 కిలోహెర్ట్జ్ దగ్గర 10 మైక్రోహెన్రీల ఇండక్టర్ పెడితే రిపిల్ కరెంటు (స్విచింగ్‌తో వచ్చే హెచ్చుతగ్గు) 0.79 ఆంపియర్లు, పీక్ 3.4. అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫారడ్ సెరామిక్‌లు రెండు, కాగితం మీద 44. అవి 6.3 వోల్టుల రేటింగున్న చిన్న సైజు ఎక్స్5ఆర్‌లైతే 5 వోల్టుల బయాస్ (వాటి మీద నిలిచి ఉండే డీసీ వోల్టేజీ) కింద సగం విలువ పోవడం మామూలే. అంటే మిగిలేది 22. రిపిల్ వోల్టేజీ 4.5 మిల్లీవోల్టుల నుంచి 9కి పెరుగుతుంది, అది ఎవరికీ పట్టదు. దెబ్బ తగిలేది లూప్‌కి, అంటే అవుట్‌పుట్‌ని చూసి స్విచ్‌ని సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ వలయానికి. కరెంట్ మోడ్ కంట్రోల్‌లో క్రాసోవర్ ఫ్రీక్వెన్సీ (లూప్ గెయిన్ 1కి దిగే చోటు) కెపాసిటెన్స్‌కి విలోమంగా నడుస్తుంది కాబట్టి, 50 కిలోహెర్ట్జ్‌కి లెక్కవేసి కాంపెన్సేషన్ (లూప్‌ని నిలకడగా ఉంచే భాగాలు) కడితే, క్రాసోవర్ దాదాపు 100 దగ్గరికి పోయి కూర్చుంటుంది. స్విచింగ్ ఫ్రీక్వెన్సీలో అయిదో వంతు అది. అక్కడ ఫేజ్ మార్జిన్ (లూప్ ఊగకుండా ఉండేందుకు మిగిలే వెసులుబాటు) కరిగిపోతుంది, లోడ్ మారినప్పుడల్లా అవుట్‌పుట్ ఊగుతుంది. మల్టీమీటర్ మాత్రం చక్కగా 5.00 చూపిస్తూనే ఉంటుంది.

ఎల్‌టీస్పైస్ (అనలాగ్ డివైసెస్ వాళ్ళ ఉచిత సిమ్యులేటర్) మీద నా మొగ్గు ఇందుకే. ఒక్కో కెపాసిటర్‌కి 22 బదులు 11 రాసి, ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) 4 మిల్లీఓమ్‌లు ఇచ్చి మళ్ళీ రన్ చేయడమే. బయాస్ కింద ఎంత మిగులుతుందో కెపాసిటర్లు చేసే మురాటా వాళ్ళ వెబ్ టూల్ సిమ్‌సర్ఫింగ్‌లో చూడొచ్చు. తయారీదారు ఎవరో తెలియని పార్టైతే సగమే అనుకుని కట్టండి. ఇండక్టర్‌దీ ఇదే తంతు. మామూలు ఇండక్టర్ సింబల్ ఎప్పటికీ సాచురేట్ అవదు, అంటే కరెంటు ఎంత పెరిగినా దాని విలువ పడిపోదు. విలువ చోట ఫ్లక్స్ సమీకరణం ఇవ్వండి: 40 మైక్రో ఇంటూ టాన్‌హెచ్ ఆఫ్ ఎక్స్ బై 4. ఎక్స్ అంటే ఇండక్టర్ కరెంటు. ఇది 10 మైక్రోహెన్రీలతో మొదలై 4 ఆంపియర్ల దగ్గర చేతులెత్తేసే కాయిల్. అవుట్‌పుట్ షార్ట్ చేసి చూస్తే కరెంటు పైకి వంగే తీరు అప్పుడు కనిపిస్తుంది.

ఎల్‌టీస్పైస్‌లో లూప్ చూడాలంటే ఏసీ అనాలిసిస్ నొక్కకండి. స్విచ్ ఒకే స్థితిలో ఆగిపోయిన డీసీ పాయింట్ దగ్గర అది లీనియరైజ్ చేస్తుంది, వచ్చే గ్రాఫ్ చెత్త. అవుట్‌పుట్‌కీ పై ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్‌కీ మధ్య ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ పార్టు పెట్టి, 10 నుంచి 20 మిల్లీవోల్టుల సైన్ ఎక్కించి ట్రాన్సియెంట్ నడపాలి. సాఫ్ట్ స్టార్ట్ (అవుట్‌పుట్ మెల్లగా పైకెక్కే దశ) ముగిశాకే కొలత మొదలవ్వాలి. సమయం కలిసిరావాలంటే సాఫ్ట్ స్టార్ట్ కెపాసిటర్‌ని పదో వంతుకి తగ్గించండి, కానీ ఆ రన్‌లో ఇన్‌రష్ కరెంటు (ఆన్ చేయగానే ఒక్కసారిగా లాగేది) చూసి ఏదీ తేల్చకండి. మాక్సిమమ్ టైమ్ స్టెప్ 10 నానోసెకన్లు.

సింప్లిస్ (స్విచింగ్ సర్క్యూట్ల కోసమే చేసిన సిమ్యులేటర్) ఈ లూప్ పనిని సెకన్లలో ముగిస్తుంది. సర్క్యూట్‌ని సరళరేఖ ముక్కలుగా పట్టుకుని, స్టెడీ స్టేట్‌ని నేరుగా వెతికి, అక్కణ్ణుంచి స్విచింగ్ సర్క్యూట్ మీదే ఏసీ చేస్తుంది. లూప్ వరకు దీన్ని మించింది లేదు. ఉచిత వెర్షన్‌లో సర్క్యూట్ సైజుకి హద్దుంది, పూర్తిది కొనాలంటే కంపెనీ జేబు కావాలి. పైగా మీ చిప్పుకి సింప్లిస్ మోడల్ ఉండాలి. ఉంటే మాత్రం మొహమాటపడకుండా వాడండి.

230 వోల్టుల లైన్ మీద ఫ్లైబ్యాక్ (ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్విచింగ్ సప్లై) కట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఎల్‌టీస్పైస్‌లో కప్లింగ్ 1 అని వదిలేస్తే లీకేజీ (ప్రైమరీలో సెకండరీతో జతపడని ఇండక్టెన్స్) సున్నా. 265 వోల్టుల లైన్‌కి డీసీ బస్ (రెక్టిఫై చేశాక వచ్చే వోల్టేజీ) 375, సెకండరీ వైపు నుంచి రిఫ్లెక్ట్ అయ్యే 100 కలిపి డ్రెయిన్ మీద 475 చూపిస్తుంది, 650 వోల్టుల మాస్‌ఫెట్ హాయిగా ఉన్నట్టే ఉంటుంది. చుట్టించిన ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీని షార్ట్ చేసి ప్రైమరీని ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలవండి. 600 మైక్రోహెన్రీల ప్రైమరీకి అలా 12 వచ్చిందంటే కప్లింగ్ 0.99. స్నబ్బర్ (వోల్టేజీ ఎగరకుండా అణిచే భాగాలు) లేకుండా 1 ఆంపియర్ దగ్గర స్విచ్ ఆపితే, డ్రెయిన్ మీద 100 పికోఫారడ్‌లు ఉన్నాయనుకుంటే, 475 పైన ఇంకో 345 వోల్టుల దాకా లేస్తాయి. క్లాంప్‌ని (వోల్టేజీని ఒక హద్దు దగ్గర ఆపే సర్క్యూట్) డీసీ బస్ పైన 150 దగ్గర కట్టేస్తే డ్రెయిన్ 525కి ఆగుతుంది. లీకేజీ శక్తి 65 కిలోహెర్ట్జ్ దగ్గర 0.39 వాట్లే, కానీ క్లాంప్ రెసిస్టర్ దానికి మూడింతలు, దాదాపు 1.2 వాట్లు మోస్తుంది. 1 వాట్ రెసిస్టర్ నల్లబడేది ఇక్కడే.

మిగతా సిమ్యులేటర్లలో పీసిమ్, ప్లెక్స్ ఇన్వర్టర్లకీ మోటార్ డ్రైవ్‌లకీ పనికొస్తాయి. పీస్పైస్ ఫర్ టీఐ ఉచితమే, టీఐ చిప్పు ఖాయమైతే చాలు. దాని ఎన్‌క్రిప్ట్ చేసిన మోడల్ ఎల్‌టీస్పైస్‌లో నడవదని చిప్పు కొనకముందే గుర్తుంచుకోండి. క్యూస్పైస్ 2023లో వచ్చింది, ఎల్‌టీస్పైస్ రాసిన మైక్ ఎంగెల్‌హార్ట్‌దే. డిజిటల్ కంట్రోల్ చేసేవాళ్ళు చూడొచ్చు.

ఏది వాడినా బోర్డు మీద లోడ్‌ని 1 నుంచి 3 ఆంపియర్లకి ఒక్కసారిగా మార్చి (లోడ్ స్టెప్), స్కోప్ బొమ్మని సిమ్యులేషన్ పక్కన పెట్టండి. ఊపు ఒకటి రెండు సార్లలో ఆగితే సరే. నాలుగైదు సార్లు ఊగి, సిమ్యులేషన్‌లో అది కనిపించకపోతే, ముందు కెపాసిటర్ విలువనే అనుమానించండి.