టైర్లు మార్పించుకునేవారికి హెచ్చరిక: "నాలుగు సెన్సార్లూ పోయాయి" అంటే వెంటనే డబ్బు కట్టకండి

మీ కారులో టైరు గాలి తగ్గితే హెచ్చరించే దీపం ఉందా? త్వరలో కొత్త టైర్లు వేయించబోతున్నారా? అయితే షాపుకు వెళ్లేముందు ఇది చదవండి. నా కారు టైర్లు మార్చిన షాపే, చక్రం లోపల ఉండి గాలి ఒత్తిడిని కొలిచే సెన్సార్‌ను విరగ్గొట్టి, ఆ వంకతో నాలుగు కొత్త సెన్సార్లు అంటగట్టబోయింది. నన్ను అడిగింది 18,000 రూపాయలు. పోయింది మాత్రం ఒక్కటే, అదీ వాళ్ల చేతుల్లోనే.

కారు హైదరాబాద్‌లోని ఆ షాపులోకి వెళ్లేటప్పుడు డ్యాష్‌బోర్డు మీద ఏ దీపమూ లేదు. టైర్లు వేశారు, బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేశారు, బిల్లు కట్టాను. రోడ్డెక్కి కాస్త దూరం పోయేసరికి పసుపు రంగు టైరు బొమ్మ మిణుకుమనడం మొదలుపెట్టింది. నిమిషానికి పైగా అలా కొట్టుకుని, ఆ తర్వాత ఆరకుండా వెలుగుతూ ఉండిపోయింది. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేసినా అదే వరస. వెనక్కి తీసుకెళితే, బండిని సరిగా చూడనైనా చూడకుండా "సెన్సార్లలో బ్యాటరీలు అయిపోయాయి సార్, నాలుగూ మార్చాల్సిందే" అన్నారు. నాలుగు బ్యాటరీలూ ఒకే ముహూర్తం పెట్టుకుని, సరిగ్గా మీరు టైర్లు విప్పిన పూటే పోయాయా అని అడిగాను. జవాబు లేదు. ఏ చక్రంలోది పోయిందో చూపించే పరికరం ఉందా అంటే అదీ లేదు. పరికరం లేదు గానీ రోగం మాత్రం తెలిసిపోయింది, మందు ధరతో సహా!

ఇక్కడ ఒక్క విషయం తెలిసి ఉంటే చాలామంది జేబు మిగులుతుంది. దీపం వెలగడం రెండు రకాలు. స్టార్ట్ చేయగానే మిణుకుమనకుండా నిలకడగా వెలిగితే, ఏదో టైరులో గాలి తగ్గిందని అర్థం. సెన్సార్ బాగానే ఉన్నట్టు, తన పని తాను చేసినట్టు. గాలి కొట్టించి కొంతదూరం నడిపితే చాలా కార్లలో అదే ఆరిపోతుంది. అలా కాకుండా, నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమని తర్వాత నిలిచిపోతే, సెన్సార్లలోనో వాటి సంకేతం అందుకునే చోటో లోపం ఉన్నట్టు. మొదటి రకం దీపం చూపించి సెన్సార్లు అమ్మేవాడికి పని రాదనుకోవాలి, లేదా మీకు తెలియదని అతనికి తెలుసనుకోవాలి. చలికాలంలో ఈ వ్యాపారం మరీ ఎక్కువ. ఉష్ణోగ్రత దాదాపు 6 డిగ్రీల సెల్సియస్ పడిపోతే టైరులో గాలి ఒత్తిడి ఒక పీఎస్ఐ (టైరు గాలిని కొలిచే ప్రమాణం) చొప్పున తగ్గుతుంది. గాలి అప్పటికే కొంచెం తక్కువగా ఉన్న బండి డిసెంబరు తెల్లవారుజామున దీపం వెలిగించి, ఎండెక్కాక ఆర్పేసుకుంటుంది. అందులో చెడిపోయింది ఏదీ లేదు. డ్రైవరు వైపు తలుపు పక్కన అంటించిన చీటీలో ఉన్న పీఎస్ఐ చూసి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచేయించండి, చాలు.

నా బండిది రెండో రకం కాబట్టి మరో చోటికి తీసుకెళ్లాను. అక్కడి మెకానిక్ చేతిలో ఇమిడే పరికరాన్ని ఒక్కో వాల్వు దగ్గర పెట్టి చూశాడు. సెన్సార్ బాగుంటే తన గుర్తింపు సంఖ్య, గాలి ఒత్తిడి, లోపలి వేడి చెబుతుంది. బ్యాటరీ స్థితి కూడా చాలా సెన్సార్లు చెబుతాయి. మూడు చక్రాలు చక్కగా పలికాయి, బ్యాటరీలన్నీ బాగున్నాయి. వెనక కుడి చక్రం మూగబోయింది. టైరు విప్పితే, వాల్వు మొదట్లో ఉండే నల్ల ప్లాస్టిక్ డబ్బీ, అదే సెన్సార్, రెండు ముక్కలై ఉంది. విరిగిన అంచు మీద దుమ్ము కూడా లేదు. వాల్వుకు దెబ్బ తగల్లేదు కాబట్టి గాలి దిగలేదు.

ఇది ఎలా జరుగుతుందో అతనే చూపించాడు. పాత టైరు తీయడానికి ముందు దాని అంచును రిమ్ము నుంచి విడదీయాలి. ఆ పని చేసే మెషిన్ బ్లేడు గట్టిగా నొక్కుతుంది. వాల్వు ఉన్న చోటే నొక్కితే, సరిగ్గా దాని వెనకే ఉన్న సెన్సార్ నలిగిపోతుంది. వాల్వును బ్లేడుకు దూరంగా తిప్పి పెట్టుకోవడం ఈ పని నేర్చుకున్నవాళ్లకు మొదటి పాఠం. హడావుడిలో అదే మానేస్తారు.

మొదటి షాపువాళ్లు నాకు అమ్మబోయిన సెన్సార్ల సంగతి ఇంకా ఘోరం. పెట్టె మీద 315 మెగాహెర్ట్జ్ అని ఉంది. అది సెన్సార్ కారుకు సంకేతం పంపే రేడియో తరంగం, అమెరికా కార్లలో ఎక్కువగా కనిపించేది. నా కారుది 433. మన దేశంలో అమ్మే కార్లలో మామూలుగా ఉండేది అదే. 18,000 కట్టి అవి బిగించుకున్నా దీపం ఆరేది కాదు. ఆన్‌లైన్‌లో "అన్ని కార్లకూ సరిపోతాయి" అని అమ్మేవాటిలోనూ ఈ తిరకాసు ఉంది. తరంగం కలిసినా, చాలా రకాలకు మీ కారుకు తగిన ప్రోగ్రాం ఎక్కించి, కారుకు పరిచయం చేయాలి. వాల్వు మూతల స్థానంలో బిగించే చవకరకం సెన్సార్లు వాటితో వచ్చే చిన్న తెర మీద అంకెలు చూపిస్తాయి, అంతే. కారులోని దీపానికి వాటితో సంబంధం లేదు.

న్యాయంగా ఒక మాట. సెన్సార్ బ్యాటరీ సాధారణంగా 5 నుంచి 10 ఏళ్లు వస్తుంది. లోపల సీలు వేసి ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా మార్చలేం. ఎనిమిదేళ్లు దాటిన బండిలో ఒకటి పోతే, టైర్లు ఎలాగూ విప్పారు కదా అని మిగతావి కూడా మార్చమనడం తప్పుడు సలహా కాదు. నా బండి వయసు నాలుగేళ్లు.

కొన్ని కార్లలో అసలు చక్రాల్లో సెన్సార్లే ఉండవు. గాలి తగ్గిన చక్రం చుట్టుకొలత కాస్త తగ్గి, మిగతా వాటికన్నా వేగంగా తిరుగుతుంది. బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ వ్యవస్థ ఆ తేడా పట్టుకుని దీపం వెలిగిస్తుంది. స్కోడా కుషాక్, ఫోక్స్‌వ్యాగన్ టైగున్ ఈ కోవకు చెందినవే. వీటిలో టైర్లు మార్చాక గాలి సరిచూసి రీసెట్ చేస్తే సరిపోతుంది. లేని సెన్సార్‌కు డబ్బు అడిగితే ఏమనాలో మీకే వదిలేస్తున్నాను. యజమాని పుస్తకంలో ఏ రకమో రాసి ఉంటుంది, వెళ్లేముందు చూసుకోండి.

తాళం తిప్పగానే ఆ దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరాలి. షాపులో బండి అప్పగించే ముందు దాన్ని వీడియో తీసి పెట్టుకోండి. పాత కారు కొనేవాళ్లు కూడా ఇది చూడండి. అసలు వెలగకపోతే దాన్ని కప్పేశారేమో తీసేశారేమో అని అనుమానించండి. టైరు విప్పేవాడికి లోపల సెన్సార్లు ఉన్నాయని నోటితో చెప్పడమే కాదు, బిల్లు మీద రాయించండి. లోహపు వాల్వులైతే రబ్బరు వాషరు, నట్టు కొత్తవి వేయమనండి, ఖర్చు స్వల్పం.

రెండో చోట ఒక్క సెన్సార్‌కు, బిగింపుతో కలిపి 4,200 అయింది. ఆ డబ్బు ఇమ్మని మొదటి షాపును అడిగితే, "పాత సెన్సార్లకు మా బాధ్యత లేదు" అని బిల్లు వెనక ఉన్న చిన్న అక్షరాలు చూపించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. విరిగిన ముక్కలు, పరికరం చూపిన ఫలితాల కాగితం, రెండు బిల్లులు నా దగ్గరున్నాయి. ఫిర్యాదు తేలేవరకు షాపు పేరు రాయను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ రుసుము కూడా లేదు.