పర్లాకిమిడి ఖాతాల్లో రిప్లేస్: కొన్నేళ్ల వాడకం తరువాత

సి ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే స్టాండర్డ్ లైబ్రరీలోని రిప్లేస్ ఆల్గారిథమ్‌ను ఒడిశా సరిహద్దున పర్లాకిమిడిలో, ధాన్యం వర్తకుల ఖాతాల ప్రోగ్రాములలో కొన్నేళ్లుగా వాడుతున్నాను. 1998 నాటి మొదటి ప్రమాణం నుండీ ఉన్న ఈ సాధనం చేసే పని ఒక్కటే: ఇచ్చిన పరిధిలోని ప్రతి విలువనూ పాత విలువతో పోల్చి, సమానమైన చోట కొత్త విలువను ఉంచుతుంది. వరుసలోని అంశాల సంఖ్య పెరగదు, తరగదు. ఇంత పరిమితమైన హామీని ఇంత కచ్చితంగా నిలబెట్టుకునే సాధనాలు తక్కువ కనుక నాకు దీనిపై గురి కుదిరింది.

మా ప్రాంతంలో దీనికి పని పుష్కలం. 2011లో రాష్ట్రం పేరు ఒరిస్సా నుండి ఒడిశాగా మారింది. పాత చిరునామాలలో మాత్రం మునుపటి పేరే ఉండిపోయింది. రాష్ట్రం గడిలోని పేర్లను ఒక వెక్టర్‌లోకి (విలువలను వరుసగా ఉంచే జాబితాలోకి) తీసుకుంటే, మార్పంతా ఒక్క వరుస కోడ్‌తో పూర్తవుతుంది. ఇక్కడొక తమాషా ఉంది. ఇంగ్లీషు లిపిలో ఈ రెండు పేర్లకూ ఆరేసి అక్షరాలే కాబట్టి, వాటిని నేరుగా కోట్స్‌లో రాసి ఇచ్చినా కంపైలర్ (కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే ప్రోగ్రాము) అంగీకరిస్తుంది. తెలుగు లిపిలోనైతే యూటీఎఫ్-8 అనే అక్షర సంకేతపద్ధతిలో ఒరిస్సాకు 21 బైట్లు, ఒడిశాకు 15 బైట్లు పడతాయి; పొడవు వేరైతే రకం కూడా వేరేనని కంపైలర్ తిరస్కరిస్తుంది. రెండింటినీ పొడవుతో నిమిత్తం లేని స్ట్రింగ్ రకంలోకి మార్చి ఇస్తే పేచీ ఉండదు.

సరిపోలడమంటే ఇక్కడ అంశం మొత్తం సమానం కావడమని గుర్తుంచుకోవాలి. పేరు చివర ఒక్క ఖాళీ మిగిలినా అది వేరే విలువే. ఊరి పేరునే ఒకరు పర్లాకిమిడి అనీ, ఇంకొకరు పర్లాఖెముండి అనీ, వేరొకరు రెండు ముక్కలుగా విడదీసీ రాసే మా ఖాతాలలో రిప్లేస్ ఒక్కటే చాలదు. షరతును లాంబ్డాగా (అక్కడికక్కడే రాసే చిన్న ఫంక్షన్‌గా) ఇచ్చే రిప్లేస్_ఇఫ్ వైపు వెళ్లక తప్పదు. తూకం నమోదు కాని చోట నాన్ (‘సంఖ్య కాదు’ అని తెలిపే) విలువ ఉంచే పట్టికలకూ ఇదే దారి, ఎందుకంటే నాన్ తనకు తానే సమానం కాదు. వర్తకుల అసలు పట్టికను ముట్టుకోకూడదనుకున్నప్పుడు రిప్లేస్_కాపీ వాడతాను. అది మారినవీ మారనివీ కలిపి మొత్తం పరిధిని కొత్త చోట రాస్తుంది.

ఒడియా అంకెలను మామూలు అంకెలుగా మార్చే విషయం వేరు. అవి యూనికోడ్‌లో 0బి66 నుండి 0బి6ఎఫ్ వరకు ఉంటాయి, యూటీఎఫ్-8లో ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. మామూలు స్ట్రింగ్‌పై నడిచే రిప్లేస్‌కు కనిపించేది ఒక్కో బైటే కాబట్టి, ముందు 32 బిట్ల అక్షరాల స్ట్రింగ్‌లోకి మార్చాలి. అప్పుడు కూడా పది అంకెలకు పది రిప్లేస్‌లు రాయడం కంటే ప్రతి అంశానికీ ఒక ఫంక్షన్‌ను వర్తింపజేసే ట్రాన్స్‌ఫార్మ్ మేలు.

నాకున్న ప్రధానమైన అసంతృప్తి, ఎన్ని విలువలు మారాయో ఇది తిరిగి చెప్పకపోవడం. లెక్క కావాలంటే సమానమైనవాటిని లెక్కపెట్టే కౌంట్‌ను ముందుగా పిలవాలి, అంటే పరిధిని రెండుసార్లు నడవాలి. ఇక పాత విలువ స్థానంలో అదే వెక్టర్‌లోని మొదటి అంశాన్ని నేరుగా అందిస్తే, అది రెఫరెన్స్‌గా (కాపీగా కాక, అసలు అంశంగానే) చేరుతుంది గనుక మొదటి మార్పుతోనే పోలికకు ఆధారమైన విలువ మారిపోతుంది, తరువాతి అంశాలు మారకుండా మిగిలిపోతాయి. విలువను విడిగా కాపీ చేసి ఇవ్వడం క్షేమం.

2020 ప్రమాణంలోని రేంజెస్ రూపం (మొత్తం వరుసను ఒకేసారి అందించేది) రాయడానికి హాయిగా ఉన్నా, అందులోని ప్రొజెక్షన్ (అంశంలోని ఏ భాగాన్ని పోల్చాలో చెప్పే సదుపాయం) నన్ను నిరాశపరిచింది. రైతు రికార్డులో జిల్లా గడిని చూపించి పోల్చమంటే ఆ గడినే పోలుస్తుంది, కానీ మార్చేటప్పుడు రికార్డు మొత్తాన్నీ తీసి కొత్త రికార్డు పెడుతుంది. మనకు కావలసింది జిల్లా ఒక్కటే అయినప్పుడు, 1992లో గంజాం నుండి విడివడిన గజపతి జిల్లా చిరునామాలను సవరించేటప్పటిలా, సాధారణ ఫర్ లూపే సూటిగా ఉంటుంది. 2017లో వచ్చిన, పనిని పంచి ఒకేసారి చేయించగల సమాంతర రూపం మా వర్తకుల చిన్న పట్టికలకు అక్కరలేదు. రెండు గోదాముల సంఖ్యలను తారుమారు చేయవలసి వస్తే మాత్రం వరుసగా రెండు రిప్లేస్‌లు రాయకండి. మొదటిది పూర్తయ్యేసరికి రెండు గోదాముల సరుకూ ఒకే సంఖ్య కిందికి చేరిపోతుంది.