మా షాపులో తొమ్మిది మందికి గ్రూపు హెల్త్ పాలసీ: ఏడాదిన్నర అనుభవం

భీమవరంలో మాది మోటార్ల వైండింగు షాపు. రొయ్యల చెరువుల్లో తిరుగుతూ నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లే మాకు తిండి పెడుతున్నాయి. రాత్రి రెండింటికి గట్టు మీద నుంచి ఫోనొస్తుంది, మోటారు కాలిపోయిందండీ, ఆక్సిజన్ పడిపోతోంది, రొయ్య పైకి తేలిపోతోంది అని. ఆ టైములో లేచి వ్యానెక్కే వాళ్లతో కలిపి నా దగ్గర తొమ్మిది మంది ఉన్నారు. ఇద్దరు వైండర్లు, నలుగురు ఫిట్టర్లు, ఇద్దరు డ్రైవర్లు, లెక్కలు రాసే అమ్మాయి. 2024 అక్టోబరులో వీళ్లకి గ్రూపు హెల్త్ ఇన్సూరెన్సు తీసుకున్నాను. తీసుకోవచ్చా అని మా బజార్లో నలుగురూ అడుగుతున్నారని ఇది రాస్తున్నా. కంపెనీ పేరు రాయను, అడగొద్దు.

ఇదేదో నా దయాగుణం అనుకునేరు. మా షాపులో ఒక అడ్వాన్సుల పుస్తకం ఉంది. ఎవరింట్లో జ్వరమొచ్చినా, కాన్పొచ్చినా అందులో రాసి డబ్బులిచ్చేవాణ్ని. అందులో సగం తిరిగి రాలేదు, గట్టిగా అడగడానికి నాకు నోరూ రాలేదు. ఏడాది చివర ఆ పుస్తకం మొత్తం కూడి చూస్తే ప్రీమియమే నయం అనిపించింది.

మావాళ్లు మొదట అడిగింది "ఆరోగ్యశ్రీ ఉంది కదండీ, ఇదెందుకూ?" అని. 2007లో మొదలైన ఆ పథకాన్ని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు, మా షాపులో మాత్రం ఇప్పటికీ ఆరోగ్యశ్రీయే. పెద్ద ఆపరేషనుకి అది నిజంగా ఆదుకుంటుంది. కాకపోతే వాళ్ల జాబితాలో ఉన్న చికిత్సకి, జాబితాలో ఉన్న ఆసుపత్రిలోనే. రెండూ ఉంటే తప్పేముందన్నాను. ఆయ్ అన్నారు.

మనిషి, భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలు, కుటుంబానికి 3 లక్షల కవరేజీ. తొమ్మిది కుటుంబాలకి ప్రీమియం 72,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 12,960, మొత్తం 84,960. ఎవరికి వారు విడిగా తీసుకునే హెల్త్ పాలసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు కదా, మాకూ తగ్గుతుందని ఆ అక్టోబరు రెన్యువల్‌కి సంబరపడ్డాను. గ్రూపు పాలసీకి 18 శాతం అలాగే ఉందన్నారు. ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కట్టిన జీఎస్టీని మేం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం, కూడా లేదని ఆడిటరు గారు రెండో చెంప వాయించారు. ప్రీమియాన్ని ఖర్చు కింద రాసుకోవడమొక్కటే మిగిలింది.

గ్రూపులో ఉన్న అసలు సుఖం ఏంటంటే ఆగాల్సిన పని లేకపోవడం. విడిగా తీసుకున్న పాలసీల్లో హెర్నియా, శుక్లాలు, పిత్తాశయంలో రాళ్లు లాంటివాటికి మామూలుగా రెండేళ్లు ఆగమంటారు. మేం తీసుకునేటప్పుడే ఆ గడువులన్నీ తీయించేశాం. షుగరున్న డ్రైవరుకీ మొదటి రోజు నుంచే కవరేజీ వచ్చింది. తీయించకపోతే గ్రూపులోనూ ఉంటాయి, చూసుకోండి.

ఐదో నెలలోనే దాంతో పని పడింది. మా ఫిట్టరొకడు గేరుబాక్సుతో సహా ఏరియేటరు మోటారు ఒక్కడే ఎత్తేస్తాడు, వద్దన్నా వినడు. గజ్జల్లో వాపొచ్చింది. డాక్టరు చూసి హెర్నియా, మెష్ (వల లాంటి గుడ్డ) వేసి కుట్టాలన్నారు. కంపెనీతో ఒప్పందమున్న నెట్‌వర్క్ ఆసుపత్రే. కార్డు చూపిస్తే, కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే క్యాష్‌లెస్ అప్రూవల్ గంటలో వచ్చింది. నేను ఏజెంటుకి ఫోను చేసి మెచ్చుకున్నాను కూడా. తొందరపడ్డాను.

మా పాలసీలో గది అద్దె పరిమితి కవరేజీలో ఒక శాతం, అంటే రోజుకి 3,000. ఆసుపత్రిలో ఆ రేటు గదులు ఖాళీ లేవు, 4,500 గది ఇచ్చారు. రోజుకి పదిహేను వందలు, మూడు రోజులకి 4,500 తేడా, అది నేను కట్టేస్తాలే అన్నాను. ఇక్కడే మునిగాను.

డిశ్చార్జి రోజు పొద్దున్న పదకొండుకి బిల్లు కంపెనీకి పంపారు. డిశ్చార్జి అప్రూవల్ మూడు గంటల్లో ఇవ్వాలని ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది. ఆ మాట కౌంటర్లో అమ్మాయితో అంటే నా వంక జాలిగా చూసింది. ఫిట్టరు పొట్ట పట్టుకుని కుర్చీ అంచున కూర్చున్నాడు, వాళ్లావిడ సర్దిన సంచీ మళ్లీ విప్పి క్యారేజీ తీసింది. నాలుగూ నలభైకి కాగితం వచ్చింది. బిల్లు 84,800. కంపెనీ ఇచ్చేది 55,000. మేం కట్టాల్సింది 29,800.

జేబులో బేరింగుల రసీదు ఉంటే దాని వెనకే లెక్క వేశాను. గది 13,500. సర్జను, మత్తు డాక్టరు, థియేటరు, నర్సింగు అన్నీ కలిపి 48,000. మందులు, మెష్ 15,000. పరీక్షలు 6,000. గ్లౌజులు, ఫైలు లాంటి పాలసీ ఇవ్వని చిల్లర 2,300. నేనేమో గది తేడా ఒక్కటే పోతుందనుకున్నాను. వాళ్లేమో మనకి అర్హత ఉన్న గది 3,000 కాబట్టి, తీసుకున్నది 4,500 కాబట్టి, అన్నిట్లోనూ మూడింట రెండొంతులే ఇస్తామన్నారు. గది స్థాయిని బట్టి డాక్టరు ఫీజూ, థియేటరు చార్జీ కూడా పెరుగుతాయి, అందుకని ఆ నిష్పత్తిలో కోస్తారు. దీన్ని ప్రపోర్షనేట్ డిడక్షన్ అంటారట. ఆ ఒక్క గది వల్ల 48,000లో 16,000 ఎగిరిపోయింది.

అంతవరకూ పాలసీలో రాసిందే, చదవకపోవడం నా తప్పు. కానీ మందుల మీదా, మెష్ మీదా, పరీక్షల మీదా కూడా మూడోవంతు కోసేశారు. వాటి మీద ఆ కోత పెట్టకూడదని ఐఆర్‌డీఏఐ నియమం ఉంది. ఈ సంగతి నాకు చెప్పింది ఏజెంటు కాదు, పక్క కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన. రిటైరైన బ్యాంకు మనిషిట. ఆయనే మెయిల్లో ఏం రాయాలో చెప్పారు. డబ్బు కట్టి మనిషిని ఇంటికి తీసుకొచ్చేశాం, తర్వాత మెయిలు పెట్టాం. పన్నెండు రోజులకి ఆ 7,000 వేశారు. చివరికి మా చేతి నుంచి పోయింది 22,800. సగం నేను పెట్టుకున్నాను, సగం మళ్లీ ఆ అడ్వాన్సుల పుస్తకంలోకే వెళ్లింది. ఏ పుస్తకం మూసేద్దామని పాలసీ తీసుకున్నానో అందులోకే.

రెన్యువల్లో చేసిన మొదటి పని గది అద్దె పరిమితి తీయించడం. ఇప్పుడు సింగిల్ ఏసీ గది, రేటు ఎంతైనా. ప్రీమియం 81,000 అయింది, జీఎస్టీతో 95,580. కుటుంబానికి 10,620. మీరు పాలసీ కాగితంలో ఒక్క లైనే చదువుతానంటే, దయచేసి గది అద్దె లైను చదవండి.

కాన్పు క్లెయిము గురించి పెద్దగా చెప్పేదేం లేదు, బాగానే జరిగింది. లెక్కలమ్మాయి మొదటి కాన్పుకి పుట్టింటికి, రాజోలు వైపు వెళ్లింది. అక్కడి నర్సింగ్ హోము నెట్‌వర్కులో లేదు. ముందే అనుకున్న చేరికైతే 48 గంటల ముందు చెప్పి నెట్‌వర్కులో లేని చోట కూడా క్యాష్‌లెస్ అడగొచ్చని 2024 జనవరి నుంచి ఒక ఏర్పాటు ఉంది. మాకది తర్వాత తెలిసింది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ పంపితే సిజేరియన్‌కి పరిమితి 50,000, అది మొత్తం ఇరవై రెండు రోజుల్లో వచ్చింది. పిల్లాడు పుట్టిన రోజు నుంచే కవరేజీలో ఉన్నాడు. పుట్టిన సంగతి మెయిలు పెట్టడం మర్చిపోకండి.

కార్డులు, యాప్, టీపీఏ (కంపెనీ తరఫున క్లెయిములు చూసేవాళ్లు) ఫోను నంబరు, వీటి గురించి ఒక్క మాట: యాప్ పనిచేస్తుంది, ఫోను మోగుతుంది, ఎత్తరు.

నాకు మింగుడు పడనిది తల్లిదండ్రుల సంగతి. మా డ్రైవరు ఒకడికి పెళ్లి కాలేదు, ఇంట్లో తనూ అమ్మా. "నాకేం వద్దండి, నా బదులు మా అమ్మకి పెట్టండి" అన్నాడు. అలా కుదరదట. ఇష్టమున్నవాళ్ల తల్లిదండ్రులనే చేరుస్తామంటే ఒప్పుకోలేదు, పెడితే అందరి వాళ్లనీ పెట్టాలన్నారు. ఆ రేటు విన్నాక నేను ఇంకేం మాట్లాడలేదు.

ఇక ఈఎస్ఐ, అంటే జీతం మీద వాటా కడితే కార్మికులకి వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా. పదిమంది ఉంటే తప్పనిసరి, మేం తొమ్మిది. దాచడం ఎందుకు, రెండేళ్లుగా ఇంకో మనిషి అవసరం ఉన్నా ఆ కాగితాల గొడవెందుకని తొమ్మిది దగ్గరే ఆగాను. ఒకసారి పదికి చేరి అందులోకి వెళ్తే, మళ్లీ మనుషులు తగ్గినా బయటికి రాలేం. కానీ లెక్క వేస్తే సిగ్గేసింది. 15,000 జీతం మీద నా వాటా 3.25 శాతం, నెలకి 487.50. మనిషి వాటా 0.75 శాతం, 112.50. ఏడాదికి ఇద్దరిదీ కలిపి 7,200. పాలసీ కంటే తక్కువ. పైగా ఫిట్టరు నలభై రోజులు మంచం మీద ఉంటే నేను సగం జీతమిచ్చాను, ఈఎస్ఐలో అర్హత ఉంటే 91 రోజుల దాకా 70 శాతం జీతం వస్తుంది. ఆధారపడ్డ అమ్మానాన్నలకీ వైద్యం ఉంటుంది. రాజమండ్రిలో ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, మాకు దూరమే, వరుసలూ ఉంటాయి, అది వేరే సంగతి. 21,000 దాటిన జీతానికి వర్తించదు కాబట్టి హెడ్ వైండరు మాత్రం అందులోకి రాడు, వాడి దారి వేరే చూడాలి.

పాలసీకి ఐదుకి మూడున్నర ఇస్తాను. గది పరిమితి తీయించక ముందైతే రెండు.

వేసవి పంట చెరువులు నింపుతున్నారు, రాత్రి ఫోన్లు మొదలయ్యాయి. ఉండి ఊరి నుంచి ఒక ఐటీఐ కుర్రాణ్ని ఒకటో తారీఖు నుంచి రమ్మన్నాను. వాడు పదోవాడు. ఈ మాట షాపులో అన్న సాయంత్రమే మా డ్రైవరు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. "అమ్మ ఆధారు కార్డు ఎప్పుడు తెమ్మంటారండీ?"