అక్టోబరులో అరపాహో బేసిన్: పద్దెనిమిది అంగుళాల మంచు, ఒకే ఒక్క రన్

అమెరికాలో అందరికంటే ముందు లిఫ్టు, అంటే స్కీయర్లను కొండ పైకి మోసే తీగ కుర్చీలు, తిప్పాలని ఏటా పోటీపడే స్కీ కొండలు నాలుగైదే. కొలరాడోలోని అరపాహో బేసిన్ వాటిలో ఒకటి. అలవాటైనవాళ్లు ఏ-బేసిన్ అంటారు. కొండ మొదలే 10,780 అడుగుల ఎత్తు, శిఖరం 13,050. అందుకే కింద ఊళ్లలో ఇంకా ఆకులు రాలుతుండగానే ఇక్కడ రాత్రిళ్లు గడ్డకడుతుంటాయి. 2019లో అక్టోబరు 11నే తెరిచారు. 2023లో 29 దాకా ఆగాల్సొచ్చింది. తేదీ ముందైనా వెనకైనా మొదటి వారాల్లో దొరికే సరుకు మాత్రం మారదు: బ్లాక్ మౌంటెన్ ఎక్స్‌ప్రెస్ అనే నలుగురు కూర్చునే లిఫ్టు, దాని నుంచి దిగే హై నూన్ అనే రన్, అంటే స్కీల మీద జారే దారి. మొత్తం 1,428 ఎకరాల కొండలో అప్పటికి తెరిచేది ఆ ఒక్క పట్టీ. ఇలాంటి పట్టీకి స్కీయర్లు పెట్టుకున్న పేరు వైట్ రిబ్బన్ ఆఫ్ డెత్, అంటే చావు తెల్ల రిబ్బను. పేరులో వెటకారం ఎంతుందో నిజమూ అంతే ఉంది. ప్రమాదం వాలు వల్ల కాదు, పక్కన వేగంగా దూసుకొచ్చే జనం వల్ల.

మలుపులు తిప్పడం వచ్చినవాళ్లు పనిరోజు పొద్దున్నే వెళ్లి, పది పన్నెండుసార్లు కొండ దిగి, మధ్యాహ్నానికి వచ్చేస్తే ఈ అక్టోబరు స్కీయింగ్ పెట్టిన డబ్బుకు తగినదే. శనివారం వెళితే సగం విలువ. స్కీలు కొత్తగా కట్టుకునేవాళ్లకైతే దండగ. హై నూన్ నీలం గుర్తు రన్, అంటే మధ్యస్థాయి. నేర్చుకునేవాళ్లకు కావలసిన ఆకుపచ్చ గుర్తు వాలు అప్పటికి తెరిచి ఉండదు.

రిసార్టు రోజూ తెల్లవారుజామున పెట్టే మంచు రిపోర్టును చదవడం ఒక విద్య. జనవరిలో చదివినట్టు అక్టోబరులో చదివితే మోసపోతారు. రిపోర్టులో అందరి కళ్లూ మొదట పడేది 24 గంటల కొత్త మంచు అంకె మీద. సీజన్ మొదట్లో అంత పనికిరాని అంకె ఇంకోటి లేదు. ఆరంగుళాల కొత్త మంచు పడిందంటే చెవులకు ఇంపుగా ఉంటుంది. కానీ కొలరాడో మంచు దూదిలా తేలిక, అందులో నీటి పాలు నూటికి ఏడెనిమిది. మంచును అణిచి చదును చేసే స్నోక్యాట్ బండి ఒకసారి తొక్కిందంటే ఆ ఆరంగుళాల్లో అంగుళం మిగిలితే గొప్ప. నీటిని చిమ్మి మంచు చేసే యంత్రం స్నో గన్. దాని మంచులో నీరు నూటికి నలభై అయిదు దాకా ఉంటుంది. తెరవడానికి రిసార్టువాళ్లు పెట్టుకునే లెక్క పద్దెనిమిది అంగుళాల పునాది. అంత పునాది కొత్త మంచుతో రావాలంటే తొమ్మిది పది అడుగులు కురవాలి. అందుకే అక్టోబరు తుపాను ఎంత పెద్దదైనా దానంతట అది రన్‌ను తెరవలేదు. తెరిచేది గన్‌లే.

బేస్ అని రాసే అంకెతోనూ జాగ్రత్త. అది రన్ మధ్యలో, మంచు సమంగా సర్దిన చోట ఉండే మందం. అంచుల్లో, వంపు తిరిగే చోట్ల, లిఫ్టు దిగగానే వచ్చే చదునులో అంత ఉండదు. రిపోర్టులో ఉపరితలం అన్నచోట ‘మెషీన్ గ్రూమ్డ్’ అని ఉంటే ఆ రాత్రి స్నోక్యాట్ నడిచింది, ఉదయం మొదటి గంట బాగుంటుంది. ‘వేరియబుల్’ అని ఉంటే కొన్నిచోట్ల గట్టి, కొన్నిచోట్ల ముద్ద, మధ్యమధ్య గడ్డ. ‘ఎర్లీ సీజన్ కండిషన్స్’ అన్న మాటను అలంకారం అనుకోకూడదు. రాళ్లు, మొద్దులు, గొట్టాలు తేలి ఉంటాయి, అన్నింటికీ జెండా కట్టి ఉండదని దాని తాత్పర్యం.

రిపోర్టులో అన్నిటికంటే పనికొచ్చేవి రెండు: ఎన్ని లిఫ్టులు తెరిచారు, రాత్రి గన్‌లు నడిచాయా లేదా. రెండోది చాలాసార్లు రాయరు. వాతావరణ సూచన చూసి మనమే పట్టుకోవచ్చు. అక్కడ చూడాల్సింది మామూలు ఉష్ణోగ్రత కాదు, తడి ఉష్ణోగ్రత. థర్మామీటరు మొనకు తడిగుడ్డ చుడితే వచ్చే అంకె అది. కుండలో నీళ్లు చల్లబడే సూత్రమే ఇక్కడా: గన్ చిమ్మిన తుంపరలో కొంత ఆవిరైపోతూ మిగిలినదాని వేడిని పట్టుకుపోతుంది. తడి ఉష్ణోగ్రత మైనస్ 2.2 సెల్సియస్, అంటే 28 ఫారెన్‌హీట్ దాటి కిందికి దిగితేనే మంచు మంచులా పడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఏ-బేసిన్ ఎత్తులో గాలి ప్లస్ 2 ఉన్నా తేమ 25 శాతమైతే తడి ఉష్ణోగ్రత మైనస్ 4 దగ్గరికి వస్తుంది, గన్‌లు హాయిగా నడుస్తాయి. అదే గాలి మైనస్ 1 ఉండి, మబ్బు కమ్మి, తేమ 95 అయితే తడి ఉష్ణోగ్రత మైనస్ 1 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు గన్ పెడితే పడేది తడిముద్ద. చుక్కలు మెరిసే పొడి రాత్రి స్కీయర్‌కు లాభం. మబ్బు పట్టి ఇప్పుడో అప్పుడో మంచు కురిసేలా ఉన్న రాత్రి చాలాసార్లు నష్టం.

నీటి ఖర్చు కూడా గుర్తుంచుకోవాలి. ఎకరం నేలకు అడుగు మందం గన్ మంచు పరచాలంటే సుమారు లక్షన్నర నుంచి రెండు లక్షల గ్యాలన్లు కావాలి. ఆ నీరు కొండ పక్కన పారే చిన్న ఏటి నుంచే రావాలి. అందుకని కొండంతా ఒకేసారి తెరవరు, ఒక్క పట్టీ పూర్తిచేసి గన్‌లను పక్కదానికి జరుపుతారు. చలి వచ్చింది కదా, ఇంకో రన్ ఎందుకు తెరవలేదని విసుక్కునేవాళ్లు మడి తడిపేవాణ్ణి అడిగితే చెబుతాడు: ఒక మడి నిండకుండా గండి పక్కకు మార్చితే రెండూ ఎండుతాయి.

రోజులో మంచు ఎలా మారుతుందో తెలిస్తే టైము చూసుకుని వెళ్లొచ్చు. లిఫ్టు తెరిచినప్పుడు స్నోక్యాట్ దువ్విన గీతలు కార్డురాయ్ బట్టలా ఉంటాయి, కానీ గట్టి. ఎడ్జ్, అంటే స్కీ అంచున ఉండే ఉక్కు పట్టీ, పదునుగా ఉంటే పట్టుకుంటుంది, మొద్దుబారితే జారిపోతుంది. మొదటి గంటన్నర ఇదే. తరవాత జనం పెరిగి, పైనున్న పొడి మంచును గీకి అంచులకు నెట్టేస్తారు. పదకొండు దాటేసరికి రన్ నడుమ మెరిసే గడ్డ, అంచుల్లో మోకాలి కింది దాకా మెత్తటి గుట్టలు. ఎండ బాగా ఉన్న రోజు కింది భాగం కాస్త మెత్తబడుతుంది, నీడలో ఉన్న పై భాగం అలాగే ఉంటుంది. నడుమ గడ్డ మీద పడటం కంటే అంచు మెత్తదనంలో తిప్పుకోవడం మేలు. అయితే రన్ హద్దుగా కట్టిన తాడుకు ఆనుకుని కాదు, ఐదారు అడుగులు లోపలికి. తాడు పక్కన మందం ఉన్నట్టుండి నాలుగంగుళాలకు పడిపోతుంది, కిందే రాళ్లు. మూడు దాటాక లిఫ్టు నీడ పొడవై, మెత్తబడ్డదంతా మళ్లీ గట్టిపడుతుంది. మోకాళ్లకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఈ వేళ, అలిసిన కాళ్లతో ‘ఆఖరిదొక్కటి’ అన్నప్పుడే.

గన్‌లు పగలు కూడా నడుస్తుంటే వాటి కిందినుంచి పోవాల్సి వస్తుంది. అక్కడి మంచు తడిగా, బంకగా ఉంటుంది. వేగంగా వస్తున్న స్కీ ఒక్కసారిగా పట్టేసినట్టు ఆగి, మనిషి ముందుకు తూలుతాడు. బరువు కాస్త వెనక్కి, రెండు కాళ్ల మీదా సమంగా పెట్టుకుని నేరుగా దాటేయాలి, అక్కడ మలుపు తిప్పకూడదు. కళ్లద్దాల మీద తుంపర పడి పొర కడితే చేత్తో రుద్దొద్దు, గీతలు పడతాయి. కిందికొచ్చాక గోరుతో తట్టి రాల్చాలి.

కొత్త స్కీలను ఈ మంచు మీదికి తీసుకురావడం తెలివితక్కువ. పాతవి, పోయినా పర్వాలేదనుకునేవి తీసుకురావాలి. వాటిని రాక్ స్కీలు అనేది అందుకే. అయితే పాతవంటే మొద్దువి కావు. పక్క ఎడ్జ్ రెండు డిగ్రీల కోణంలో పదును పెట్టించాలి. గన్ మంచు రేణువులు గరుకుకాగితంలా గీకుతాయి, అందుకే స్కీ అడుగుకు చలికి సరిపడే గట్టి వ్యాక్స్ (మైనం) వేయాలి. మెత్తటి వ్యాక్స్ రెండు గంటల్లో పోయి, ఎడ్జ్ పక్కన స్కీ అడుగు భాగం (దాన్నీ బేస్ అనే అంటారు) తెల్లగా, బొచ్చు లేచినట్టు అవుతుంది. రాయి తగిలితే గీత లోతు చూడాలి. నల్లటి బేస్‌లోనే ఆగితే పీ-టెక్స్ అనే ప్లాస్టిక్ కడ్డీ కరిగించి పోసి, చల్లారాక గీకితే సరి. లోపలి చెక్కో లోహమో కనిపిస్తే అది కోర్ షాట్, ఆ రోజుకు ఆపేయాలి. నీరు దిగితే చెక్క ఉబ్బి బేస్ ఊడొస్తుంది. అంత లోతు గాయానికి కడ్డీ సరిపోదు, అతుకు వేయించాలి.

బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సంగతి అందరూ మరిచిపోతారు. వేసవంతా మూలన పడున్న బైండింగ్‌ను, అందులోనూ బూటు మార్చి ఉంటే, షాపులో పరీక్ష చేయించకుండా కట్టుకోకూడదు. బూటు మడమ అరిగితే ముందుకు నెట్టే ఒత్తిడి తగ్గి, గడ్డ మీద అదురుకే స్కీ ఊడుతుంది. మరీ బిగిస్తే పడ్డప్పుడు ఊడదు. రెండోదే ప్రమాదం.

తాడు అవతల తెల్లగా కనిపించేది ఎంత ఊరించినా అటు వెళ్లకూడదు. అక్టోబరులో పడ్డ పలచటి మంచు కింద నేల వెచ్చగా, పైన గాలి చల్లగా ఉంటుంది. ఆ తేడాకు లోపలి ఆవిరి పైకి లేస్తూ రేణువులను పంచదార పలుకుల్లా మార్చేస్తుంది. ఒకదానికొకటి అతుక్కోవు. స్కీ వేస్తే నేరుగా రాళ్ల దాకా దిగిపోతుంది. కొలరాడో శీతకాలపు హిమపాతాలకు ఈ పంచదార పొరే మూలం. తరవాత పడే బరువంతా దాని మీదే కూర్చుంటుంది. మూసిన చోటికి తాడు దాటి వెళ్లడం ఆ రాష్ట్ర చట్టం ప్రకారం నేరం కూడా. పల్లవిచీనీ, మాంటెజూమా బౌల్, బీవర్స్ లాంటి పేరున్న నిటారు చోట్లు ఆకాశం ఇచ్చే మంచుతోనే తెరుచుకుంటాయి. వాటి కోసం వచ్చేవాళ్లు అక్టోబరులో టికెట్టు కొనొద్దు.

పక్కనే కీస్టోన్ అనే స్కీ రిసార్టు ఉంది, పోల్చక తప్పదు. దాని మొదలు 9,280 అడుగులే, కానీ గన్‌ల బలం ఎక్కువ. అక్కడ స్కూల్‌మార్మ్ అనే పొడవాటి ఆకుపచ్చ రన్ ఉంది, కొత్తవాళ్లు దాని కోసం ఆగడం మంచిది. లిఫ్టు వరసలో గంట నిలబడే ఓపిక కూడా తెచ్చుకోవాలి. లవ్‌లాండ్ పాస్ అనే కనుమ అవతల లవ్‌లాండ్ స్కీ కొండ ఉంది. ఎత్తులోనూ తీరులోనూ ఏ-బేసిన్‌కు తోబుట్టువులాంటిది, అక్కడా పద్దెనిమిది అంగుళాల లెక్కే. ఏ-బేసిన్, లవ్‌లాండ్ రెంటిలో దేనికన్నది చేతిలో ఉన్న సీజన్ పాసును బట్టి తేల్చుకోవచ్చు, మంచును బట్టి తేడా తక్కువ. ఏ-బేసిన్ రోజువారీ టికెట్లను పరిమితంగా అమ్ముతుంది. కాబట్టి ముందురోజే ఆన్‌లైన్‌లో కొనాలి. ఈ పరిమితి వల్లే వరస కీస్టోన్ అంత సాగదు, ఇది ఏ-బేసిన్‌కు నిజమైన మార్కు.

డెన్వర్ వైపునుంచి వచ్చేవాళ్లకు ఐ-70 హైవే మీద రెండు దారులు. 216వ ఎగ్జిట్ దగ్గర దిగి 11,990 అడుగుల లవ్‌లాండ్ పాస్ ఎక్కి దిగితే దగ్గర. హైవే మీది ఐసెన్‌హోవర్ సొరంగంలోకి రానివ్వని ప్రమాదకర సరుకుల లారీలన్నీ ఆ పాస్ మీదే పోతాయి, వాటి వెనక చిక్కుకుంటే ఓపిక పట్టాలి. మంచు పడి పాస్ మూసేస్తే ఆ సొరంగం దాటి 205వ ఎగ్జిట్‌లో దిగి, కీస్టోన్ మీదుగా వెనక్కి రావాలి. సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు ఐ-70 కొండ భాగంలో టైరు గాడి లోతు కనీసం అంగుళంలో పదహారింట మూడు వంతులు ఉండాలి. నాలుగు చక్రాలూ తిరిగే కారు కాకపోతే శీతకాలపు టైర్లో, మంచు గుర్తున్నవో ఉండాలి. లేకుంటే గొలుసులు వెంట ఉంచుకోవాలి. అద్దె కారు తీసుకునేవాళ్లు తాళాలు అందుకోకముందే టైర్లు వంగి చూసుకోవాలి.