మూడేళ్లు ఆన్‌లైన్‌లో డిమెన్షియా చదివాక నా ఫైళ్లలోంచి పోయిన ఒక వాక్యం

"పేషెంట్ సహకరించడం లేదు."

పదిహేనేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. ఈ వాక్యం ఎన్ని ఫైళ్లలో రాసుంటానో లెక్కలేదు. తిరుపతిలో పగలు ఆసుపత్రి డ్యూటీ, సాయంత్రం బండి మీద ఇళ్లకు తిరగడం. కొర్లగుంటలో ఒకరు, భవానీ నగర్‌లో ఒకరు, తిరుచానూరు రోడ్డులో ఇద్దరు. పక్షవాతం, తుంటి ఆపరేషన్, మోకాళ్లు, పార్కిన్సన్స్. ఎక్కువమంది డెబ్బై దాటినవాళ్లే.

2022 వేసవిలో ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారింటికి పిలిచారు. రెండోసారి స్ట్రోక్ వచ్చింది. కుర్చీలోంచి లేవడం నేర్పించాలి. "సార్, కాళ్లు వెనక్కి లాక్కోండి, చేతులు కుర్చీ మీద ఆనించండి, ముందుకు వంగండి, ఇప్పుడు లేవండి" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఆయన నా ముఖం కేసి చూశారు. మళ్లీ చెప్పాను, ఈసారి గట్టిగా. మూడోసారి చెప్పేసరికి చెంప మీద ఒకటిచ్చారు. వాళ్లావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏమీ అనుకోబాక నాయనా, ఆయనకు మతి సరిగా లేదు" అంది. నేనేమీ అనుకోలేదు. ఫైల్లో మాత్రం ఆ వాక్యమే రాసి ఇంటికొచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్లో వెతికి చేరిందే మొదటి కోర్సు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగున్నరేళ్ల డిగ్రీలో డిమెన్షియా గురించి, అంటే జ్ఞాపకమూ ఆలోచనా మెల్లగా చేజారిపోయే జబ్బు గురించి, చదివిన పేజీలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇళ్లకు తిరిగే నర్సులనూ, స్పీచ్ థెరపీ వాళ్లనూ అడిగితే వాళ్లదీ అదే కథ. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ మొదటిది ఆస్ట్రేలియాలోని టాస్మేనియా విశ్వవిద్యాలయం వాళ్ల ఉచిత కోర్సు. అక్కడి వికింగ్ డిమెన్షియా కేంద్రం 2013 నుంచి నడుపుతోంది. మెదడు, జబ్బులు, మనిషి అని మూడు భాగాలు. వీడియోలు చిన్నచిన్నవి, కింద అక్షరాలు వస్తాయి కాబట్టి వాళ్ల యాస అర్థం కాకపోయినా నెట్టుకురావచ్చు. నాకు వారానికి రెండు మూడు గంటలు పట్టింది. ఉచితం కదా, పైపైన ఉంటుందిలే అనుకున్నాను. మెదడు భాగంలోనే ఆ అనుమానం పోయింది. కొత్త జ్ఞాపకాలను పట్టి ఉంచే హిప్పోక్యాంపస్ అనే భాగం, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే చోట్లలో ఒకటి. చేతులకు అలవాటైన పనులు దాచుకునే చోట్లు వేరు. ఇది చదివిన వారంలోనే, కొడుకు పేరు చెప్పలేని ఒక అవ్వ చేతికి మల్లెపూలూ దారమూ ఇచ్చి చూశాను. మూర పూలు కట్టింది, ఒక్క ముడి తప్పకుండా. అంతకుముందు రెండు వారాలు నేను ఆమెతో రబ్బరు బంతి పిసికించాలని చూసి ఓడిపోయాను. వేళ్లకు కావాల్సిన కసరత్తు పూలదారంలో మొత్తం ఉంది.

తర్వాత వాళ్లదే నివారణ కోర్సు చేశాను. ఈ జబ్బుకు తోడయ్యే, మనం మార్చుకోగల కారణాలు 14 అని 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ చెప్పింది. అవన్నీ సరిచేయగలిగితే సగానికి కాస్త తక్కువగా, 45 శాతం దాకా, రాకుండానో ఆలస్యమయ్యేలాగానో చేయొచ్చని వాళ్ల అంచనా. అందులో వినికిడి లోపం వాటా పెద్దది. అప్పట్నుంచి ఏ ఇంటికెళ్లినా మొదట చెవులూ కళ్లజోడూ అడుగుతున్నాను. చెప్పింది వినబడక ఊరుకున్న మనిషిని "అర్థం కావడం లేదు" అని రాసిన ఫైళ్లు నావి కొన్ని ఉన్నాయి. అవి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడోది, డబ్బు కట్టి ఒక విదేశీ సంస్థలో చేసిన పెద్ద కోర్సు. పద్నాలుగు నెలలు. దాని పేరు రాయను, ఎందుకంటే అందులో నేను పడ్డ తిప్పలు ఇలాంటి ఏ కోర్సులోనైనా పడేవే. తిప్పల్లో మొదటిది గడియారం. ఆస్ట్రేలియా తూర్పు తీరం మనకంటే నాలుగున్నర గంటలు ముందు. అసైన్‌మెంట్ వాళ్ల అర్ధరాత్రి లోపు పంపాలంటే మన లెక్కలో రాత్రి ఏడున్నర. అదే అక్టోబరులో వాళ్లు గడియారం ముందుకు జరుపుకుంటారు, అప్పుడు మనకు ఆరున్నర. అది నేను చూసుకోలేదు. ఆరున్నరకు నేను ఒక తాత కాలు పట్టుకుని మంచం పక్కన కూర్చుని ఉన్నాను. అసైన్‌మెంట్‌కు మార్కులు కోసేశారు. తప్పు నాదే, అయినా కడుపు మండింది.

ఇక చదువులోని సరుకు. నన్ను అన్నిటికంటే గట్టిగా తాకింది టామ్ కిట్‌వుడ్ అనే బ్రిటిష్ ఆయన ఆలోచన. డిమెన్షియా ఉన్న మనిషిని చుట్టూ ఉన్నవాళ్లే ఎలా ఇంకా కుంగదీస్తారో ఆయన ఒక జాబితా రాశాడు. అందులో ఒకటి అవుట్‌పేసింగ్. వాళ్లు అందుకోలేనంత వేగంగా మనం మాట్లాడటం, చేయించడం. చదవగానే హెడ్మాస్టరు గారి చెయ్యి గుర్తొచ్చింది. నాలుగు పనులు ఒక్క ఊపిరిలో. అప్పట్నుంచి ఒక మాటకు ఒక పనే. "సార్, కాళ్లు వెనక్కి." అంతే. చెప్పాక మనసులో పది అంకెలు లెక్కపెడతాను. మొదట్లో ఆ పది అంకెలు నరకం, ఎందుకంటే నాకు నలభై నిమిషాల్లో ఇంకో ఇల్లు ఉంటుంది. కానీ ఏడో ఎనిమిదో అంకె దగ్గర కాలు కదులుతుంది. అదే జాబితాలో పెద్దవాళ్లను పసిపిల్లల్లా చూడటం కూడా ఉంది. మన ఇళ్లలో "అవ్వ చిన్నపిల్ల అయిపోయింది సార్" అనేది ప్రేమతో అనే మాటే. నేనూ అంటుండేవాణ్ణి. ఇప్పుడు అనను, అన్నవాళ్లను సరిదిద్దనూ లేను.

ఇంకొకటి నొప్పి. పెయినాడ్ అని ఒక కొలత ఉంది: ఊపిరి, మూలుగు, ముఖం, ఒంటి తీరు, ఓదారిస్తే తగ్గుతున్నారా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు, మొత్తం పది. నోటితో చెప్పలేని వాళ్ల కోసం తయారుచేసింది. మోకాలు వంచబోతే తోసేసే అవ్వకు ఇది వేసి చూస్తే ఆరొచ్చింది. డాక్టరు గారితో మాట్లాడి, నేను వెళ్లడానికి గంట ముందు నొప్పి మాత్ర వేసేటట్టు చేస్తే, తోయడం ఆగింది. సహకరించకపోవడం అని నేను పేరు పెట్టింది ఉత్త మోకాలి నొప్పి.

డెలీరియం పాఠం ఒక్కటి చాలు కట్టిన ఫీజుకు. డిమెన్షియా నెలలూ ఏళ్లూ పట్టి దిగజారుతుంది. రెండు రోజుల్లో మనిషి తలకిందులైతే అది వేరే సంగతి, డెలీరియం కావచ్చు, వెంటనే కారణం వెతకాలి: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, నీళ్లు తాగకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు. పోయినేడాది ఒక ఇంట్లో "జబ్బు ముదిరింది సార్, ఇంక థెరపీ ఎందుకులెండి" అన్నారు. ఎన్నాళ్లుగా అని అడిగితే మొన్న ఆదివారం నుంచి అన్నారు. ఆసుపత్రికి తీసుకుపొమ్మన్నాను. మూత్ర పరీక్షలో దొరికింది. వారానికి అవ్వ మళ్లీ వాకర్ పట్టుకుంది.

డిమెన్షియాలో లూయీ బాడీ అనే రకం గురించి కూడా ఇక్కడే సరిగా తెలుసుకున్నాను. పార్కిన్సన్స్ లాంటి నడక, లేని మనుషులు కళ్లకు కనిపించడం, ఒక పూట తెలివిగా ఉండి ఇంకో పూట మసకగా ఉండటం. నా పేషెంట్ ఒకాయనకు వసారాలో చిన్నపిల్లలు ఆడుకుంటున్నట్టు కనిపించేది. ఇంట్లో గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తాయెత్తుతో నాకు పేచీ లేదు. న్యూరాలజిస్టుకు చూపించండి, పిల్లలు కనిపించే సంగతి దాచకుండా చెప్పండి, భ్రమలు తగ్గించడానికి ఇచ్చే హాలోపెరిడాల్ లాంటి మందులు ఈ రకం వాళ్లకు ప్రమాదమట, ఆ మాట కూడా అడగండి అని చెప్పి పంపాను. మందు రాయడం నా పని కాదు. ఎవరి దగ్గరికి, ఏ మాట చెప్పమని పంపాలో తెలియడం నా పనే.

ఇప్పుడు కుదరనివి. ఈ పాఠాల్లోని ఉదాహరణలు ఎక్కువగా వృద్ధాశ్రమాలవి. షిఫ్టు మారేటప్పుడు నర్సులు ఏం చెప్పుకోవాలి, కారిడార్ గోడలకు ఏ రంగు వేయాలి. నా పేషెంట్లకు కారిడార్ లేదు. రెండు గదులు, ఒక కోడలు, స్కూలుకెళ్లే ఇద్దరు పిల్లలు, వంటింట్లో కుక్కర్ కూత. మన దేశంలో అరవై దాటినవాళ్లలో 7.4 శాతానికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో దాదాపు అందర్నీ చూసుకునేది ఇంటివాళ్లే. ఈ వెలితి కొంత తీర్చింది ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ఐసపోర్ట్ అనే ఆన్‌లైన్ శిక్షణ. అది వృత్తిలో ఉన్నవాళ్ల కోసం కాదు, చూసుకునే కుటుంబం కోసం. అయిదు భాగాల్లో ఒకటి మొత్తం చూసుకునే మనిషి తన గురించి తాను ఏం చేసుకోవాలో చెబుతుంది. ఒక కోడలికి దాన్ని తెలుగులో చెబుతుంటే, "నన్ను అడిగినవాళ్లే లేరు సార్" అని గ్యాస్ స్టవ్ ఆపడానికి లోపలికెళ్లి, చాలాసేపు బయటికి రాలేదు.

భాష సంగతి ఇంకా పెద్దది. చిత్తూరు వైపు ఇళ్లలో తమిళం ఎంతుందో తెలిసిందే. పుట్టింటి భాష తమిళమై, పెళ్లయ్యాక తెలుగులో యాభై ఏళ్లు బతికిన అవ్వ ఒకామె ఉంది. నేను ఎంత మెల్లగా "కూర్చో అవ్వా" అన్నా నిలబడే ఉండేది. ఒకరోజు పక్కింటామె వచ్చి "ఉక్కారుంగమ్మా" అనగానే కూర్చుంది. తర్వాత నేర్చుకున్న భాష చాలామందిలో ముందు జారిపోతుందట. కోర్సులో దీనికి అరపేజీ. అసలు రెండు భాషల సంగతిలో పెద్ద పని మన హైదరాబాదులోనే జరిగింది: నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది పేషెంట్లను చూసి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో డిమెన్షియా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రచురించింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. దీన్ని ఆస్ట్రేలియా పాఠంలో కింద చిన్నక్షరాల్లో చూసి తెలుసుకోవాల్సి రావడం నాకు కాస్త నవ్వూ, కాస్త ఉక్రోషమూ తెప్పించింది.

మతి ఎలా ఉందో చూసే పరీక్షలూ అంతే. రెండు అయిదుకోణాల బొమ్మలు చూసి గీయమంటే, జీవితంలో పెన్ను పట్టని అవ్వ ఏం గీస్తుంది? ఇది ఏ నెల అని అడిగితే ఒకామె "పెరటాసి" అంది. పక్కనున్న మనవడు "అక్టోబర్ అవ్వా" అని నవ్వాడు. తమిళ నెల పెరటాసిలో శనివారాలు లెక్కపెట్టుకుంటూ ఉపవాసాలుండే మనిషి. ఆమె జవాబు తప్పు ఎలా అవుతుంది? మార్కు వేశాను.

అన్నిటికంటే లోటు, మన చేతులను చూసేవాళ్లు లేకపోవడం. వీడియో చూసి మనిషిని లేపడం రాదు. క్విజ్‌లో నూటికి తొంభై తెచ్చుకుని మర్నాడు మళ్లీ గట్టిగా అరిచిన రోజులు నాకున్నాయి. అది సరిదిద్దింది నా పేషెంట్లే, ఏ ట్యూటరూ కాదు. ఉద్యోగం చేస్తూ చదవడంలో లాభం అక్కడుంది. రాత్రి పదకొండుకు చదివింది మర్నాడు సాయంత్రం ఆరుకు ఒక ఇంట్లో తేలిపోతుంది.

అలా తేలినవాటిలో ఒకటి చెబుతాను. డెబ్బై ఆరేళ్ల తాత. వయసులో ఉన్నప్పుడు వారం వారం కొండకు నడిచి వెళ్లిన మనిషి. తెల్లవారుజామున సుప్రభాతం వినబడగానే తలుపు తీసుకుని బయల్దేరేవాడు. రెండుసార్లు రోడ్డు మీద దొరికాడు. కొడుకు బయటి నుంచి తాళం వేయడం మొదలుపెట్టాడు; తాత తలుపు బాదడం మొదలుపెట్టాడు. "కాళ్లు బలంగా ఉండేది మీ థెరపీ వల్లే సార్" అని కొడుకు నామీద విసుక్కున్నాడు కూడా. ఊరికే తిరగడం అని మనం అనుకునేదానికి లోపల ఒక పని ఉంటుంది, ఆ పనేమిటో కనుక్కో అని పాఠంలో ఉంది. ఇక్కడ కనుక్కోవడానికి ఏముంది, అందరికీ తెలిసిందే. కొడుకును ఒప్పించి ఒకరోజు నేనూ వెళ్లాను. అలిపిరి దాకా స్కూటర్, పాదాల మండపం దగ్గర దండం, మొదటి మెట్లు పది. 3,550 మెట్లలో పది. ఎక్కి, తాత తనే వెనక్కి తిరిగి, "టిఫన్ తిందాం పదండ్రా" అన్నాడు. తాళం అవసరం తగ్గింది. పూర్తిగా పోలేదు, వాన రోజుల్లో ఇప్పటికీ వేస్తారు. జేబులో ఫోన్ నెంబరు రాసిన కార్డు పెట్టించాను.

డబ్బు సంగతి అడుగుతారు. సర్టిఫికెట్ చూసి ఒక్క ఇంటివాళ్లూ రూపాయి ఎక్కువివ్వలేదు, ఆసుపత్రిలో జీతమూ పెరగలేదు. ఉచిత కోర్సులు రెండూ చేసి, ఆరు నెలలు మీ పేషెంట్ల మీద వాడి, అప్పటికీ ఆకలి తీరకపోతే డబ్బు కట్టేదానికి వెళ్లండి. ఇంగ్లీషు వ్యాసాలు రాయడం అలవాటు లేనివాళ్లకు పెద్ద కోర్సు బాధే. నాకు మొదటి వ్యాసానికి పదకొండు రాత్రులు పట్టింది.

కోర్సు ఇవ్వనిది ఒకటి నేనే తయారుచేసుకున్నాను. నూరు పేజీల నోటుబుక్కు. ఒక్కో పేషెంటుకు ఒక పేజీ: ఏ భాష, ఏ పేరుతో పిలిస్తే తలెత్తుతారు, ఏ మాటకు కోపం, ఏ పాటకు నవ్వు, లేవాలంటే ఏ మాట. ఒక ఇంట్లో పగలంతా ఉండే ఆయమ్మ దాన్ని చూసి, "రెండు దినాలు ఇయ్యి సార్" అని తీసుకుంది. నెలన్నరయింది. మొన్న అడిగితే తెచ్చి చూపించింది. వాళ్ల అవ్వ పేజీలో నా రాత కింద, పెద్ద పెద్ద అక్షరాలతో తనే రాసింది: "ముందు కాఫీ. తర్వాతే నీళ్లు పోసేది. ఫిజియో సారు అయిదుకు ముందు రాకూడదు."

అయిదున్నరకు వెళ్తున్నాను.